ప్రశ్నే పేరైన తీగ

మా ప్రహరీ పక్కన రాధామనోహరం నాటాం. మొదటి ఏడాది పొదలా ముడుచుకుని కూర్చుంది. రెండో ఏడాది వానలకి ఒక్కసారిగా లేచి, మేడమెట్ల కమ్మీలు పట్టుకుని డాబా ఎక్కేసింది. ఆకులు రాలాక మిగిలే తొడిమల మొదళ్ళు ముళ్ళలా గట్టిపడి కొక్కేల్లా పనిచేస్తాయి. ఈ సంగతి పుస్తకం కంటే ముందు నా చేతులకి తెలిసింది. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగు, ఆ మర్నాటికి ఎరుపు.

ఇంతకీ ఇది పొదా, తీగా? పువ్వు తెలుపా, ఎరుపా? ఒకప్పుడు దీని శాస్త్రీయ నామమే ఒక ప్రశ్న: క్విస్‌క్వాలిస్. లాటిన్‌లో ‘ఎవరు, ఎలాంటివారు’ అని. ఆ పేరు పెట్టింది రంఫియస్. పుట్టింది జర్మనీలో, ఇప్పటి ఇండొనేసియాలోని అంబాన్ దీవిలో డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం. మలయ్ భాషలో ఈ తీగ పేరు ఉదానీ. అది ‘ఎలాంటి’ అనే అర్థమున్న డచ్ మాటలా వినబడితే, దాన్ని సరదాగా లాటిన్‌లోకి తిప్పాడంటారు.

సరదా మనిషే, కానీ బతుకు అలా సాగలేదు. 1670లో చూపు పోయింది. లాటిన్ రాసిపెట్టేవాళ్ళు దొరక్క పుస్తకాన్ని డచ్‌లోకి మార్చుకుని చెప్పి రాయించాడు. 1674 భూకంపంలో భార్య, కూతురు పోయారు. 1687లో ఇంటికి నిప్పంటుకుని బొమ్మలు కాలిపోయాయి, మళ్ళీ గీయించాడు. 1692లో రాతప్రతిని తీసుకెళ్తున్న ఓడని ఫ్రెంచివాళ్ళు ముంచేశారు. బటావియాలో గవర్నర్ జనరల్ ముందే నకలు తీయించబట్టి అది బతికింది. తర్వాత కంపెనీయే అచ్చు కానివ్వలేదు. రంఫియస్ 1702లో పోయాడు. పుస్తకం 1741లో గానీ అచ్చు మొదలవలేదు.

ఆ పేరునే లినేయస్ 1762లో తీసుకున్నాడు. ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు ఈ తీగని కాంబ్రీటమ్ ప్రజాతిలో కలిపేశారు. వర్గీకరణ అలా తేలింది, నిజమే. కానీ ఆఫీసులో పాత కోడ్‌లో పేరు మార్చేముందు, ఆ పేరు ఎందుకు పెట్టారో ఒకసారి చూడమంటాం కదా. ఇక్కడ చూస్తే, మూడు రంగులు మారే తీగ గురించి చూపులేని మనిషి చివరిదాకా వదలని పుస్తకం కనిపిస్తుంది.

పూత అయ్యాక సగానికి కొట్టేయమంది అమ్మ. కొట్టేస్తాను. దీనికి పూలు వచ్చేది కొత్త కొమ్మలకే.