పేగులో బుడిపెలు: మాత్ర సాయమే, మందు కాదు

అప్పనపల్లి కుర్రాళ్ళూ, ఆడపిల్లలూ! దొడ్డికెళ్ళినప్పుడు రక్తం పడితే మొలలేలే అని వదిలెయ్యకండి. ఇంట్లో ఎవరికన్నా చిన్న వయసులోనే పేగు కేన్సర్ వచ్చుంటే మరీను.

ఎఫ్‌ఏపీ అనేది వంశంలో దిగే జబ్బు. ఏపీసీ జన్యువు చెడితే పెద్దపేగులో వందల బుడిపెలు (పాలిప్స్) లేస్తాయి. అమ్మకో నాన్నకో ఉంటే ప్రతి బిడ్డకీ 50 శాతం అవకాశం. వదిలేస్తే దాదాపు అందరికీ కేన్సరే.

సులిండాక్ మాత్ర బుడిపెల్ని తగ్గిస్తాదని 1993లో తేలింది. మానేస్తే మళ్ళీ లేస్తాయి. సెలెకాక్సిబ్‌కి 1999లో అమెరికా ఒప్పుకుంది, 2011లో కంపెనీయే ఈ జబ్బుకి వాడకం వెనక్కి తీసుకుంది. ఇయ్యి నొప్పి మాత్రల జాతే, గుండెకీ కిడ్నీకీ ముప్పుంది. ఆపరేషన్‌కి బదులు కావు. షాపులో కొని మింగకండి.

అలాంటి ఇంటి పిల్లలకి 10, 12 ఏళ్ళ నుంచే పరీక్ష మొదలెట్టాలి. సిగ్గెందుకు? ఎవరికి ఏ వయసులో వచ్చిందో రాసుకుని డాక్టరుకి చూపించండి.