పునరావృత నోవా: మద్రాసులో మొదలైన ఒక తార చరిత్ర

కాలాన్ని బట్టి వెలుగు మారే తారలను చరకాంతి తారలు అంటారు. వీటిలో కొన్ని దాదాపు క్రమం తప్పకుండా వెలుగుతూ, మందగిస్తూ ఉంటాయి. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో కనుగొన్న ఆర్ రెటిక్యులీ అటువంటిదే. దాని ఆవర్తన కాలం సుమారు 278 రోజులు. మరికొన్ని తారలు ఎప్పుడు వెలుగుతాయో కచ్చితంగా చెప్పలేం. నూజివీడు తోటల్లో ఏటా కాసే మామిడి చెట్టూ ఉంటుంది, ఏ ఏడు కాస్తుందో రైతుకే అంతుపట్టని చెట్టూ ఉంటుంది. పునరావృత నోవాలు ఈ రెండో చెట్టు వంటివి. మన పాలపుంతలో ఇవి సుమారు పది మాత్రమే తెలుసు.

వీటిలో ఒకటైన యు స్కార్పీ తొలిసారి నమోదైనది మద్రాసులోనే. 1861లో అక్కడి అబ్జర్వేటరీకి వచ్చిన నార్మన్ పాగ్సన్, 1863 మే 20న వృశ్చిక రాశిలో సుమారు 9వ మాగ్నిట్యూడ్ గల కొత్త తారను గుర్తించాడు. అది జ్యేష్ఠా నక్షత్రానికి ఉత్తరాన దాదాపు 9 డిగ్రీల దూరంలో ఉంది. కొద్ది రోజుల్లోనే అది మసకబారి దూరదర్శినికి అందకుండా పోయింది. ఒక్కసారే కనిపించినందువల్ల దాని స్వభావం అప్పట్లో తేలలేదు.

తారల వెలుగును కొలవడానికి నేటికీ వాడుతున్న సూత్రం కూడా పాగ్సన్ 1856లో ప్రతిపాదించినదే. దాని ప్రకారం 5 మాగ్నిట్యూడ్ల తేడా అంటే వెలుగులో 100 రెట్ల తేడా. యు స్కార్పీ మామూలుగా సుమారు 18వ మాగ్నిట్యూడ్‌లో ఉండి, విస్ఫోటనంలో 8కి కాస్త పైకి చేరుతుంది. అంటే దాని వెలుగు దాదాపు 10,000 రెట్లు పెరుగుతుంది.

ఇందుకు కారణం ఏమిటి? అది ఒంటరి తార కాదు, జంట తార. ఒక శ్వేత కుబ్జ తార, దాని సహచర తార సుమారు 1.23 రోజులకు ఒకసారి పరస్పరం చుట్టివస్తాయి. సహచర తార నుంచి వచ్చే హైడ్రోజన్ శ్వేత కుబ్జంపై పేరుకుంటుంది. ఒత్తిడి, ఉష్ణోగ్రత తగినంత పెరిగినప్పుడు ఆ పొర కేంద్రక సంలీనంతో ఒక్కసారిగా పేలుతుంది. శ్వేత కుబ్జం మాత్రం మిగిలే ఉంటుంది కనుక పోగుపడటం మళ్లీ మొదలవుతుంది.

ఈ తార మళ్లీ మళ్లీ పేలుతుందని తేలింది పాత రికార్డుల వల్లనే. హార్వర్డ్ అబ్జర్వేటరీలోని ఫోటో ఫలకాలను పరిశీలించి హెలెన్ థామస్ 1906, 1936 విస్ఫోటనాలను గుర్తించింది. తరువాతి పరిశోధనల్లో 1917, 1945, 1969 విస్ఫోటనాలు కూడా బయటపడ్డాయి. 1979, 1987, 1999, 2010, 2022 సంవత్సరాల్లో జరిగినవి నేరుగా ఆకాశంలోనే కనిపించాయి.

విద్యార్థులు ఈ సంవత్సరాల మధ్య వ్యవధులను లెక్కించి చూడాలి. ఎక్కువ భాగం 8 నుంచి 12 ఏళ్లే. 1917–1936, 1945–1969 మధ్య మాత్రం 19, 24 ఏళ్లు వస్తాయి. 1863–1906 మధ్య ఏకంగా 43 ఏళ్లు. ఆ కాలంలో తార ఊరకే ఉందనుకోవడం కంటే, విస్ఫోటనాలు ఎవరి కంటా పడలేదనుకోవడం సబబు. కార్తిక, మార్గశిర మాసాల్లో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు. అప్పుడు పేలితే చూడటం సాధ్యం కాదు. పైగా కొద్ది రోజుల్లోనే వెలుగు తగ్గిపోతుంది. రికార్డు లేకపోవడం సంఘటన జరగలేదనడానికి రుజువు కాదు. ఈ సూత్రం శాసనాలకు, దస్తావేజులకు వర్తించినట్లే ఆకాశానికీ వర్తిస్తుంది.

ఈ శ్వేత కుబ్జం ద్రవ్యరాశి చంద్రశేఖర్ పరిమితికి, అంటే సూర్యుని ద్రవ్యరాశికి 1.4 రెట్లకు, చాలా దగ్గరగా ఉంది. ప్రతి విస్ఫోటనం తరువాత అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది తేలితే, ఏనాటికైనా సూపర్నోవా అవుతుందా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం దాని లోపలి పదార్థంపై ఆధారపడి ఉంటుంది. ఈ విచారణకు దొరికే ప్రతి తేదీ విలువైనదే. వాటిలో మొదటిది 1863 మే 20.