మొటిమల జెల్ వెనక కథ

మాది నర్సరీల ఊరు కడియం, పిల్లలు ఎండలోనే పెరుగుతారు. మా అమ్మాయి మొటిమలకి ట్రెటినాయిన్ జెల్ రాస్తూ డాక్టరుగారు, రాత్రిపూట బఠాణీ గింజంతే, పగలు ఎండ తగలనివ్వద్దన్నారు.

విటమిన్ ఎ నుంచి వచ్చిన ఈ మందుకి అమెరికాలో 1971లో అనుమతి దొరికింది. మొటిమలకి పనిచేస్తుందని చూపించింది ఫిలడెల్ఫియా డాక్టరు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. ఈ మందుతో సహా ఎన్నో ఆయన హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద పరీక్షించాడు, 1951 నుంచి 1974 దాకా. ఎక్కువమంది నల్లజాతివాళ్ళే. చేతిలో నాలుగు డబ్బులు పెట్టారు, ఒంటికి ఏం రాస్తున్నారో మాత్రం సరిగా చెప్పలేదు. ఆ నగరం క్షమాపణ అడిగింది ఎప్పుడనుకున్నారు? 2022లో!

మా పిల్లకి మొదట్లో మొహం ఎర్రబడి పొట్టు రేగింది. మూడు నెలలకి తేటపడింది. అది చూసి పక్కింటి కొత్త కోడలు ట్యూబు అడిగింది. ఇవ్వలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ఇది రాయకూడదు. "డాక్టరు దగ్గరికి నేనూ వస్తా, పదమ్మా" అన్నాను.