బూజు కూర వెనుక కథ

పోయిన వేసవిలో ఇంగ్లండులో మా అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళాం. ఒకరోజు కోడలు కొత్త కూర వడ్డించింది. నమిలితే పీచుపీచుగా ఉంది. గుండె ఝల్లుమంది. "మాంసం కాదు కదమ్మా?" అన్నాను.

"కాదత్తయ్యా, బూజు!" అని నవ్వింది.

ఆవకాయ జాడీలో తెల్లపొర కనిపిస్తే ఇల్లంతా లబలబలాడే మనిషిని నేను! ఆ బూజు సంగతేమిటో తెలుసుకునేదాకా నిద్రపట్టలేదు.

1960లలో పెరిగే జనాభాకి ప్రొటీన్ చాలదని ప్రపంచమంతా భయపడింది. ఇంగ్లండులో ర్యాంక్ హోవిస్ మెక్‌డౌగల్ అని పెద్ద పిండిమరల కంపెనీ ఉండేది. గోధుమల్లోంచి మిగిలిపోతున్న పిండిపదార్థాన్ని ప్రొటీన్‌గా మార్చలేమా అని దాని పెద్ద, లార్డ్ ర్యాంక్ ఆలోచించారు. ఆ పని చేసే బూజు కోసం 3,000కు పైగా మట్టి నమూనాలు పరీక్షించారు. చివరికి అది వాళ్ళ పరిశోధనశాలకి కొద్ది మైళ్ళ దూరంలోనే, మార్లో అనే ఊళ్ళో దొరికింది! దాని పేరు ఫ్యుసేరియం వెనెనేటం.

గోధుమ పిండిపదార్థం నుంచి తీసిన గ్లూకోజ్ పాకంలో ఖనిజాలు, అమ్మోనియా కలిపి, ఎత్తైన ట్యాంకుల్లో గాలి పంపుతూ దాన్ని పెంచుతారు. సన్నటి దారాల్లా పెరుగుతుంది, ఆ పీచు అందుకే. తర్వాత వేడి చేసి అందులోని ఆర్‌ఎన్‌ఏ తగ్గిస్తారు. లేకపోతే తిన్నవాళ్ళ ఒంట్లో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. ఏళ్ళ తరబడి పరీక్షలయ్యాక 1985లో అమ్మకానికొచ్చింది. అదే క్వోర్న్. చాలా రకాల్లో గుడ్డు తెల్లసొన కలుపుతారు. శాకాహారులైతే ప్యాకెట్ చదివే కొనండి. మా కోడలు అలాగే గుడ్డు లేనిది చూసి తెచ్చింది.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉందండోయ్. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం మరో ప్రశ్న వేసింది. మన పిల్లలకి తక్కువైంది ప్రొటీనేనా, అసలు తిండేనా? పల్లెల్లోని చిన్నపిల్లలకి రోజూ ఇంట్లో తినేదానికి అదనంగా గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తినుబండారం పెట్టారు. అందులో సుమారు 310 కేలరీలు, ప్రొటీన్ 3 గ్రాములే. అయినా ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే బాగా ఎత్తు, బరువు పెరిగారు. ఆ ఫలితాలు 1973లో అచ్చయ్యాయి.

కారణం మనకి తెలిసిందే. పొయ్యిలోకి కట్టెలు లేకపోతే మంచంకోళ్ళు విరిచి మంటేసుకున్నట్టు, కడుపుకి చాలినంత తిండి లేకపోతే ఒళ్ళు కండ పెంచాల్సిన ప్రొటీన్‌నే శక్తి కోసం ఖర్చు చేసేస్తుంది.

పేదల ఆకలి కోసమని వెతికిన బూజు చివరికి కలిగినవాళ్ళ సూపర్ మార్కెట్లో చేరింది. దాన్ని తప్పుపట్టను, మా కోడలికి మంచి కూరే అయింది. కానీ అది తింటుంటే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. అందరికీ కొసరి కొసరి వడ్డించి, చివర్న గిన్నె అడుగున మిగిలిన మెతుకుల్లో మజ్జిగ పోసుకుని లేచిపోయేది. "ఆకలి లేదే" అనేది. నీరసం వయసుదనుకున్నాం. ఆవిడకి కావలసింది ఏ పొడీ కాదు, ఇంకో నాలుగు ముద్దల పప్పన్నం.

ఊరి నుంచి వచ్చాక మా ఇంట్లో ఒకటి మార్చాను. ఇప్పుడు నా కంచం కూడా అందరి కంచాలతోపాటే పెట్టుకుంటున్నాను. మీరూ పెట్టుకోండి.