బొండకొయ్య నుంచి బిళ్ళ దాకా

గోదావరి జిల్లాల్లో కుదురు లేని పిల్లాడికి పేర్ల కరువు లేదు. కోతి అంటారు, కాలు కాలిన పిల్లి అంటారు, దుడుకు పిండం అంటారు. పసివాళ్ళకి మాటలు తొందరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడం మనకు అలవాటు కదా, ఆపకుండా వాగేవాణ్ణి చూసి ‘చిన్నప్పుడు వాళ్ళమ్మ వస కాస్త ఎక్కువ పోసిందేమో’ అని నవ్వుకోవడమూ అలవాటే. అల్లరి చేయకుండా తరగతి కిటికీలోంచి కొబ్బరాకుల్ని చూస్తూ కూర్చునే ఆడపిల్లకి మాత్రం ఒకటే పేరు: పరధ్యానం. ఏడీహెచ్‌డీ అన్న పేరు ఈ వరసలో చేరింది నిన్నగాక మొన్న. అంతకుముందు ఆ పిల్లలు లేరని కాదు, వాళ్ళకి అప్పటికే పెట్టిన పేర్లు సరిపోయాయి.

వీధిబడి అయ్యవారి దగ్గర ఈ పేర్లకు తగ్గ వైద్యం సిద్ధంగా ఉండేది. గోడకుర్చీ, తొడపాశం, చేతులు దూలానికి కట్టి వేలాడదీసే కోదండం. వీటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బొండకొయ్య. బరువైన దుంగకు బెజ్జం తొలిచి, అందులోకి కాలు దూర్చి చీల బిగిస్తారు. ఇక వాడు ఎటు కదిలినా దాన్ని ఈడ్చుకుంటూనో, భుజాన మోసుకుంటూనో కదలాలి. బడి ఎగ్గొట్టి ఏటిగట్టున తిరిగేవాడికి అదీ మందు. యశోదమ్మ కృష్ణుణ్ణి రోలుకు కట్టిన కథ ఆ అయ్యవార్లందరికీ కంఠతా వచ్చు. ఆ పిల్లాడు రోలుతో సహా పోయి మద్దిచెట్లు కూల్చాడన్న మిగతా సగం మాత్రం వాళ్ళకి గుర్తున్నట్టు లేదు.

విచిత్రమేమంటే, మనసును చెదరనీయకుండా నిలపడాన్ని ఊరూరా సభలు పెట్టి చూపించిందీ ఈ గడ్డే. తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది భీమవరం దగ్గర యండగండి, ఇంకొకరిది కడియం. అష్టావధానంలో అవధాని పద్యం అల్లుతుంటే ఒకరు గంట కొడతారు, ఎన్నిసార్లు కొట్టారో గుర్తుంచుకోవాలి. ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి తప్పించాలని చూస్తారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడి చుట్టూ ఈ పృచ్ఛకులు పొద్దస్తమానం కూర్చునే ఉంటారు. ప్రతి గంటా వాడికి వినబడుతుంది, పద్యమే సాగదు. ఈ జబ్బును తెలుగులో ‘అవధాన లోపం’ అంటున్నారు. నాకా మాట సగమే ఒప్పనిపిస్తుంది. లెక్కల పుస్తకం ముందు అయిదు నిమిషాలు నిలవనివాడు గాలిపటం కడుతూ మూడు గంటలు కదలడు. అవధానం ఉంది, పగ్గాలే చేతిలో లేవు.

పడమటి దేశాల్లోనూ మొదట దొరికింది చికిత్స కాదు, బొమ్మ. అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1798లోనే చెదిరే మనసు గురించి రాశాడు గానీ, జనానికి గుర్తుండిపోయింది 1840ల్లో ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు హైన్రిష్ హాఫ్‌మన్ బొమ్మల పుస్తకంలో పుట్టిన ఫిలిప్. భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఊపి ఊపి, పడిపోతూ బల్లగుడ్డతో సహా వంటకాలన్నీ నేలపాలు చేసిన పిల్లాడు. ఆ తర్వాత 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ 43 మంది పిల్లల గురించి ఉపన్యసించాడు. తెలివికి లోటు లేకపోయినా నిగ్రహం ఉండదని గమనించాడు, దానికి నైతికత పేరు తగిలించాడు. మన అయ్యవారికీ ఆయనకీ అక్కడ పెద్ద తేడా లేదు.

మనకూ ఒక ఫిలిప్ ఉన్నాడు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ రాసి, బాపు గీసిన బుడుగు. వాడికి ఏడీహెచ్‌డీ ఉందంటారా అని ఒక మిత్రుడు అడిగాడు. లేదన్నాను. పిల్లల అల్లరినంతా జబ్బు ఖాతాలో వేయడం నాకు నచ్చదు, వైద్యులూ వేయరు. లక్షణాలు పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలు సాగాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనబడాలి, వాటివల్ల చదువో స్నేహాలో దెబ్బతినాలి. 2013 నాటి అమెరికన్ వర్గీకరణ చెప్పేది ఇదే. బుడుగుకి స్నేహాల కరువెక్కడిది?

మందు దొరకడం మాత్రం పొరపాటున జరిగింది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు పిల్లల మెదడుకి ఎక్స్‌రే తీసేందుకు వెన్నులోంచి నీరు తీయించేవాడు. దాంతో వాళ్ళకి భయంకరమైన తలనొప్పి వచ్చేది. అది తగ్గుతుందేమోనని బెంజెడ్రిన్ ఇచ్చాడు. తలనొప్పి సంగతి అలా ఉంచితే, పిల్లలు చదువు మీద కూర్చున్నారు. 1937లో 30 మంది మీద ఫలితాలు ప్రకటించాడు. పిల్లలే వాటికి ‘లెక్కల బిళ్ళలు’ అని పేరు పెట్టుకున్నారట. 1944లో స్విట్జర్లండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య మార్గరీటాను ముద్దుగా రీటా అని పిలిచేవాడు, మందు రిటాలిన్ అయింది. ఆవిడ టెన్నిస్ ఆడబోయే ముందు వేసుకునేదట. ఉత్తేజపరిచే మందు దుడుకు పిల్లాణ్ణి ఎలా నిలబెడుతుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. మెదడులో డోపమిన్, నార్ అడ్రినలిన్ తొందరగా వెనక్కి పోకుండా ఆపుతుంది, అంటే పగ్గం పట్టే భాగానికి బలమిస్తుంది. మామూలు బిళ్ళ ప్రభావం నాలుగు గంటలు, ఆ తర్వాత దిగిపోతుంది. ఆకలి తగ్గవచ్చు, నిద్ర చెడవచ్చు, అందుకే డాక్టరు బరువూ బీపీ చూస్తుంటారు.

అక్కడ లెక్కల బిళ్ళల మీద చర్చ జరుగుతున్న కాలంలో ఇక్కడివాళ్ళకి మనసు డాక్టరంటే వాల్తేరే. రాజమండ్రి నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ‘వాణ్ణి వాల్తేరు పంపాలి’ అన్నది వైద్య సలహా కాదు, తిట్టు. ఆ తిట్టు ఉన్నంతకాలం ఏ తల్లి తన బిడ్డను రైలెక్కిస్తుంది? వేపమండలతో దిష్టి తీయించి, తాయెత్తు కట్టించి, సరస్వతీ ఆకు తినిపించేది. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వచ్చాక దారి కొంత దగ్గరైంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 1996లో దాన్ని జిల్లాలకు దింపినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ముందు వంతు మెదక్‌కి వచ్చింది. 1984లో సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ వెలిసింది. మేలే జరిగింది గానీ, బడిలో వెనకబడ్డ ప్రతి పిల్లాణ్ణీ ఆ ఒక్క గాటనే కట్టే అలవాటు జనంలో మిగిలిపోయింది.

ప్రభుత్వ బడిలో ఏడీహెచ్‌డీ పేరు వినబడటానికి అసలు కారణం 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. బడికి వచ్చి పిల్లల్ని చూసే వైద్య బృందం దగ్గరుండే 30 సమస్యల జాబితాలో పుచ్చుపళ్ళతో, గుండె రంధ్రాలతో పాటు ఏడీహెచ్‌డీ కూడా ఉంది. మూడేళ్ళ తర్వాత వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, అభ్యసన వైకల్యం అందులో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ లేదు. పరీక్షలో అదనపు సమయం అడగబోయిన తల్లిదండ్రులకు ఈ తేడా తెలిసొస్తుంది.

ఇక మందుల చీటీ. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది, మత్తుపదార్థాల చట్టం జాబితాలోనూ ఉంది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాడు రెండేళ్ళు దాచాలి, అమ్మడానికి వేరే లైసెన్సు ఉండాలి. దుర్వినియోగం భయం ఉత్తిది కాదు, ఒప్పుకుంటాను. కానీ 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ నిబంధనలు షెడ్యూల్ ఎక్స్ మందుల్ని ఫోను మీద రాయకూడదన్నాయి. కరోనా వేళ అందరికీ తెరుచుకున్న తలుపు ఈ పిల్లలకు మూసే ఉంది. అంతర్వేది నుంచైనా, పోలవరం నుంచైనా డాక్టరు ఎదుటికి రావలసిందే. అటామాక్సెటిన్‌కు ఇంత తంటా లేదు, అయితే దాని గుణం తెలియడానికి వారాలు పడుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, దారి చెబుతారు.

చాలామందికి బిళ్ళ ఒక్కటే సరిపోదన్నది వేరే కథ. టీచరు ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పెద్ద పనిని ముక్కలు చేసి ఇవ్వడం, తప్పు పట్టుకునే ముందు ఒప్పు చూడటం తల్లిదండ్రులు నేర్చుకోవడం, ఇవన్నీ చికిత్సే. ఇంకో సంగతి: ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో గట్టిగా పారే లక్షణం. కొడుకు కోసం వచ్చి డాక్టరు అడిగే ప్రశ్నలకు తనలో తాను తలూపే తండ్రులు తక్కువేం కాదు.

మొన్న దానవాయిపేటలో ఒక మందుల షాపు ముందు నిలబడ్డాను. కోనసీమ యాస మాట్లాడే ఒకాయన కౌంటరు మీద చీటీ పెట్టాడు. షాపతను తిరగేసి చూశాడు.

“ఒక్కటే ఉందండీ. రెండోది ఏదండీ?”

“రెండోదేటండీ?”

“డాక్టరుగారు రెండు ఇస్తారండి. ఒకటి మా దగ్గరుండాలి.”

ఆయన చొక్కా జేబు, ప్యాంటు జేబు, సంచీ వెతికాడు. సంచీ అడుగున కరెంటు బిల్లు మడతలో దొరికింది. ఈలోగా ఎనిమిదేళ్ళ కొడుకు మెట్లు దిగిపోయి ఆగి ఉన్న బళ్ళ నంబర్లు గట్టిగా చదువుతున్నాడు. స్టాకు లేదనీ, ఎల్లుండికి తెప్పిస్తాననీ షాపతను చెప్పాడు. తండ్రి తలూపి, పిల్లాడి రెక్క పట్టుకుని బండి దాకా వెళ్ళి, అక్కడ మళ్ళీ జేబులు తడుముకుని, వెనక్కి వచ్చాడు. తాళం కౌంటరు మీదే ఉంది.