అరుగు మీద ఇసుక

మెకాలే రాకముందు మన దేశంలో ఊరూరా బడులుండేవనీ, అన్ని కులాల పిల్లలూ పక్కపక్కన కూర్చుని చదువుకునేవాళ్లనీ చెప్పే మెసేజ్ ఒకటి ప్రతి జూన్‌లో నా ఫోన్‌కి వస్తుంది. ఈసారి మా డిగ్రీ విద్యార్థి ఒకడు దాన్ని పంపి "ఇది నిజమేనా మేడం?" అని అడిగాడు. బడులుండేవన్నంతవరకూ నిజమే. ఆ బడుల్లో చదవడం ఎలా నేర్పేవాళ్లు, ఎవరికి నేర్పేవాళ్లు, ఏం చదివించేవాళ్లు అన్నవి వేరే ప్రశ్నలు. ఈ భాగంలో వాటి సంగతి చూద్దాం.

ముందు మంచి మాట చెప్తాను. వీధిబడి పద్ధతిలో తెలివి ఉంది. అరుగు మీద ఇసుక పోసి, పిల్లవాడి చేత వేలితో అక్షరం దిద్దిస్తూ పైకి పలికించేవాళ్లు. చెయ్యీ కన్నూ నోరూ ఒకేసారి పనిచేస్తాయి. కాగితం ఖర్చు లేదు. కాస్త వచ్చిన పిల్లలు ఏమీ రానివాళ్లకు చెప్పేవాళ్లు. 1789లో మద్రాసు ఎగ్మూరులో యూరోపియన్ సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ పాదిరీ, ఇలా ఇసుకలో రాస్తున్న పిల్లల్ని ఒక స్థానిక బడిలో చూశాడు. తన ఆశ్రమంలో పెట్టమన్నాడు. టీచర్లు మొండికేశారు. అప్పుడు ఎనిమిదేళ్ల కుర్రాడికి, ఒక మామూలు సిపాయి కొడుక్కి, చిన్న తరగతి అప్పగించాడు. పని జరిగింది. 1797లో లండన్‌లో దీని మీద పుస్తకం వేశాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చి, ఇంగ్లండ్‌లో వేలాదిమంది పేద పిల్లలు ఆ దారిలో అక్షరాలు నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మద్రాసు అరుగు మీది ఇసుక ఇంగ్లండ్ కూలీల పిల్లల దాకా వెళ్లింది. ఊరి అరుగు నుంచి మాలపల్లెకి, మాదిగవాడకి మాత్రం రాలేదు. ఎందుకంటే అరుగు ఇంటిలో భాగం. ఏ వీధిలో చెప్పులేసుకుని నడిస్తేనే మైల అన్నారో ఆ వీధిలోని ఇంటి అరుగు ఎక్కి మన పిల్లవాడు కూర్చోగలడా? బడి వద్దని ఎవరూ బోర్డు పెట్టనక్కర్లేదు. కట్టడమే బోర్డు.

ఇక లెక్కలు. 1822లో మద్రాసు గవర్నర్ మన్రో జిల్లాలవారీగా బడుల వివరాలు అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక అన్నిటికంటే వివరమైనది. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కాబట్టి భాష సంగతి తెలిసే రాశాడు. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. అందులో తెలుగువి 226, కన్నడవి 235. చదివేవాళ్లు 6,641 మంది, అంటే వెయ్యికి ఏడుగురు. ఆడపిల్లలు 60 మంది. 23 చోట్ల బ్రాహ్మణులు మాత్రమే చదివేవాళ్లు. చదువు తగ్గిపోవడానికి జనం పేదరికమే కారణమని కాంప్‌బెల్ నిజాయితీగానే ఒప్పుకున్నాడు. కంపెనీ పాలన చేసిన నష్టాన్ని నేనూ కాదనను. కానీ ధర్మపాల్ 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ'లో ఈ సర్వే కాగితాలన్నీ అచ్చువేసి శూద్ర విద్యార్థుల సంఖ్యను ముందుకు తెచ్చాక, ఆ సంఖ్యను మన ఖాతాలో కూడా వేసేస్తున్నారు. సర్వే ఫారంలో బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ముస్లిం గళ్లతో పాటు 'ఇతర కులాలు' అనే గడి ఉంది. ఆ గడిలో ఎవరెవరిని కలిపారో ఫారం చెప్పదు. చెప్పని గడిలోకి మనల్ని దూర్చి "చూశారా, మీరూ చదివారు" అంటే ఎలా?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది కాంప్‌బెల్ రాసిన ఇంకో విషయం. ఇసుక రాతనూ, పిల్లలే పిల్లలకు చెప్పడాన్నీ ఆయన మెచ్చుకున్నాడు. బడికి ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లు, రెండోవాడికి సున్నా, మూడోవాడి నుంచి దెబ్బలు. అవీ రాశాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు: పిల్లలు చదివే పుస్తకాలు కావ్యభాషలో ఉన్నాయి, అది ఎవరూ మాట్లాడే భాష కాదు, వందల పద్యాలు అప్పజెప్పే పిల్లవాడికి వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసు. అంటే అక్షరం నేర్పే పద్ధతి బాగుంది, చదివించే సరుకు బాగాలేదు. 1906 తర్వాత గిడుగు రామమూర్తి పంతులు పోరాడింది ఈ సమస్య మీదే. ఆయన సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పూనుకుని, ముందు తానే ఆ భాష నేర్చుకున్నాడు. తెలుగు సాహిత్య చరిత్రలో ఆయన్ని వ్యావహారికవాదిగా చెప్పి వదిలేస్తాం. పిల్లల చదువు గురించి ఆలోచించినవాడిగా చెప్పం.

మన వాడల్లోకి అక్షరం వేరే దారిలో వచ్చింది. 1866లో క్లౌ దొర ఒంగోలులో మిషన్ పెట్టాడు. ధాత కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. మిషనరీల లెక్కలు మిషనరీలకున్నాయి, వాళ్లని పొగడటం నా పని కాదు. నేను చూస్తున్నది వాడలో వెలిసిన బడిని. ఆ బడి పాకకి అరుగు లేదు, కాబట్టి ఎవరైనా కూర్చోవచ్చు. అక్కడ చదువుతో పాటు పాట ఉంది. మా నాయనమ్మ బడికి పోయింది రెండేళ్లే. కీర్తనల పుస్తకం మాత్రం వేలు పెట్టి చదివేది. పాట ముందే చెవిలో ఉంది. వేలు ఆ పాటని కాగితం మీద వెతుక్కునేది. దొరికిన ముక్క తర్వాత బైబిల్లోనూ, రేషన్ కార్డు మీదా కనపడేది. పత్రిక చదవడానికి చాలా కష్టపడేది, కానీ చదివేది. చిలకకీ ఆమెకీ తేడా ఇదే: అర్థం ఆమె దగ్గర ముందే ఉంది.

ఇప్పటి సంగతి. 2022 అసర్ సర్వే ప్రకారం దేశంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 20.5 శాతం. కోవిడ్ దెబ్బ ఉంది, కానీ 2018లోనూ అది 27.3 శాతమే. అక్షరాలు ముందా, మాటలు ముందా అని నిపుణులు తగవులాడతారు. నా మటుకు నాకు రెండూ కావాలి, అక్షరం దిద్దించకుండా ఊరికే బొమ్మలు చూపిస్తే నష్టపోయేది ఇంట్లో పుస్తకం లేని మన పిల్లలే. కానీ అచ్చుల నుంచి ఱ దాకా వరసలోనే పోవాలన్న పట్టుదల దేనికి? 'అ అంటే అమ్మ' అంటాం. అమ్మలో ఒత్తు ఉంది. ఒత్తులు నేర్పేది ఆఖర్న. అప్పటిదాకా పిల్లవాడు బొమ్మ చూసి అమ్మ అంటున్నాడు, చదివి కాదు. ర, ల, న, త లాంటి రోజూ పనికొచ్చే అక్షరాలకన్నా ముందు ఙ, ఝ దిద్దుతూ నెలలు పోతాయి. "యాడికి" అన్న పిల్లని "ఎక్కడికి" అనమని మొదటి రోజే దిద్దితే ఆమె ఇక నోరు తెరవదు.

వాడల్లో సాయంత్రం సెంటర్లు నడుపుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ చాలామంది మెసేజ్ పెడుతుంటారు, ఏ పుస్తకం కొనాలని. మొదటి నెల ఏదీ కొనకండి. పిల్లలకి నోటికొచ్చిన పాట ఒకటి పాడించి, వాళ్లు పలికినట్టే చార్టు మీద పెద్ద అక్షరాల్లో రాయండి. రోజూ వేలు పెట్టి చదివించండి. అందులోంచి ఐదారు అక్షరాలు తీసి ఇసుకలో దిద్దించండి, ఆ అక్షరాలతో కొత్త మాటలు కట్టించండి. కాస్త వచ్చిన పిల్లని రానివాడి పక్కన కూర్చోబెట్టండి. నెల తర్వాత ఏం జరిగిందో నాకు రాయండి, బాగా రాకపోయినా రాయండి.

వచ్చే భాగంలో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో 1910లో భాగ్యరెడ్డివర్మ తెరిచిన బడి గురించి. ఉర్దూ రాజ్యంలో మన పిల్లలకు తెలుగులో చదువు చెప్పిన బడి అది.