చేపలు చచ్చిన ఏరు, లెక్క రాసిన మనుషులు

ఈ రోజు దూరదేశం నార్వే కథ ఒకటి. పోస్టు కాస్త పొడుగే, చివరిదాకా చదవండి. మన పనికొచ్చే విషయం ఉంది.

దక్షిణ నార్వే నిండా కొండలు, సరస్సులు, ఏర్లు. 1900ల మొదట్లోనే అక్కడి ఏర్లలో సాల్మన్ చేపలు తగ్గిపోతూ వచ్చాయి. 1920ల నాటికి చేపపిల్లల్ని పెంచే చోట పిల్లలు చచ్చిపోతుంటే నీళ్లకు సున్నం తగిలించి బతికించుకునేవాళ్లు. నీళ్లు పులిసిపోయాయని తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

1959లో ఆల్ఫ్ డానెవిగ్ అనే చేపల శాస్త్రవేత్త "ఆమ్లం వానలోనే వస్తోంది" అని రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1967లో స్వీడన్ మట్టి శాస్త్రవేత్త స్వాంతే ఓడెన్ అదే మాట పత్రికలో రాస్తే దుమారం లేచింది. తేడా ఏంటంటే, ఓడెన్ చేతిలో లెక్కలున్నాయి. 1950ల నుంచి యూరప్‌లో చాలాచోట్ల వాన నీళ్లు పట్టి, పరీక్షించి, రాసిపెట్టిన లెక్కలవి. బ్రిటన్, మధ్య యూరప్ దేశాల్లో బొగ్గు కాల్చిన గంధకం పొగ వందల కిలోమీటర్లు గాలిలో ప్రయాణించి ఈ కొండల మీద వానగా, మంచుగా పడుతోందని వాటితో చూపించాడు. పైగా అక్కడి పొగగొట్టాలు ఎత్తుగా కట్టేకొద్దీ వాళ్ల ఊళ్లకు ఊపిరాడింది, పొగ మాత్రం ఇంకా దూరం పోయింది.

కొండల నీళ్లకే ఎందుకంత దెబ్బ? అక్కడ రాయి గట్టిది, మట్టి పలచన, ఆమ్లాన్ని విరిచే సున్నం తక్కువ. ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి ఏట్లోకి తెస్తుంది. అది మొప్పలకు పట్టి చేపకు ఊపిరాడదు. పీహెచ్ 6 నుంచి 5కి దిగిందంటే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు.

1972లో నార్వే పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. బిర్కెనెస్ అనే చోట ఒక చిన్న వాగును ఎంచుకుని, పడే వాననీ పారే నీటినీ ఏళ్ల తరబడి పరీక్షించారు. 1975 వసంతంలో టోవ్‌డాల్ ఏట్లో వేలాది ట్రౌట్ చేపలు చచ్చి తేలాయి. చలికాలమంతా మంచులో దాగిన ఆమ్లం, మంచు కరగగానే ఒక్కసారిగా ఏట్లోకి దిగింది. ఎండాకాలం ఒక్కసారి వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుపోతే ఈ సంగతి దొరకదు. 1986లో ఏకంగా వెయ్యి సరస్సుల నీళ్లు పరీక్షించారు.

ఈ లెక్కలే చర్చల్లో పనికొచ్చాయి. 1979లో జెనీవాలో దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. 1985లో గంధకం 30 శాతం తగ్గించాలని చాలా దేశాలు సంతకం చేస్తే, రుజువు చాలదని బ్రిటన్ చెయ్యలేదు. నార్వేవాళ్లు కొలవడం ఆపలేదు. 1994 ఒప్పందంలో బ్రిటన్ కూడా చేరింది. 1980తో పోలిస్తే యూరప్‌లో గంధకం పొగ 80 శాతానికి పైగా తగ్గింది. టోవ్‌డాల్, మాండాల్ ఏర్లలో 1990ల్లో సున్నం కలపడం మొదలుపెట్టాక సాల్మన్ తిరిగొచ్చింది. అయినా మట్టి ఇంకా పూర్తిగా కోలుకోలేదు. పోగొట్టుకోవడం తేలిక, తెచ్చుకోవడానికి తరాలు పడుతుంది.

మన పెద్దోళ్లు "ముందు ఈ నీళ్లు ఇట్టా ఉండేవి కావు" అంటే ఆఫీసులో కాగితం అడుగుతారు. నార్వేలో ఏటి పక్క జనం చెప్పింది మొదటి నుంచీ నిజమే. కాగితం పోగయ్యేదాకా అది చెల్లలేదు, ఈలోపు చేపలు పోయాయి. అందుకే అంటున్నా. మీ ఊరి గెడ్డ, వాగు రంగు మారినా, చేపలు, పీతలు, నత్తలు తగ్గినా తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. ఏమీ మారని నెల కూడా రాయండి, పోల్చడానికి అదే కావాలి.

మీ ఊళ్లో ఎవరైనా ఇట్టా రాస్తున్నారా? కింద చెప్పండి, మాట్లాడుకుందాం.